వంటింటి దారిన వచ్చిన ఇంజనీరు

కాలితో తొక్కితే మూత తెరుచుకునే చెత్తడబ్బా మీ ఇంట్లో ఉండే ఉంటుంది. ఫ్రిజ్ తలుపుకి లోపలివైపు గుడ్లూ, సీసాలూ పెట్టుకునే అరలు సరేసరి. ఇవి ఎవరి ఆలోచనా అని మనం ఎప్పుడూ అనుకోం. నేనూ అనుకోలేదు. ఈ రెంటికీ లిలియన్ గిల్‌బ్రెత్ అనే అమెరికన్ ఇల్లాలి పేరు చెబుతారని తెలిసి, సరదాకి ఆవిడ సంగతులు చదవడం మొదలుపెట్టాను. తీరా చదివితే అది వంటింటి కథ కాదు. పదకొండుమంది పిల్లల్ని పెట్టుకుని, నెలజీతం అనేది లేకుండా, ఒక్క బుర్రని నమ్ముకుని బతికిన మనిషి కథ.

లిలియన్ 1878లో కాలిఫోర్నియాలో పుట్టింది. 1904లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ని పెళ్లాడింది. ఆయన కాలేజీ గుమ్మం తొక్కినవాడు కాదు. తాపీ పనిలో చేరి కాంట్రాక్టరుగా ఎదిగాడు. ఇటుక పేర్చడానికి మేస్త్రీ చేసే 18 కదలికల్ని అయిదింటి లోపుకి దించిన ఘనుడు. తర్వాత మొగుడూ పెళ్లాం కలిసి ఫ్యాక్టరీలకి సలహాలిచ్చే కన్సల్టెంట్లయ్యారు. పనివాళ్లని సినిమా తీసి, ఏ కదలిక దండగో లెక్కగట్టేవారు. ఆయన చూపు చేతుల మీద ఉంటే ఆవిడ చూపు మనసు మీద. అలుపు ఎందుకొస్తుంది, విసుగు ఎందుకు పుడుతుంది అన్నది ఆవిడ ప్రశ్న. ఒకవైపు కాన్పులు, మరోవైపు చదువు! 1915లో బ్రౌన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేటు పుచ్చుకుంది. అంతకు ముందే, 1914లో, మేనేజిమెంటులో మనస్తత్వశాస్త్రం గురించి ఆవిడ రాసిన పుస్తకం వచ్చింది. రచయిత్రి ఆడది అని తెలియకుండా ప్రకాశకులు ఎల్.ఎం. గిల్‌బ్రెత్ అని పొడి అక్షరాలతో సరిపెట్టారు. అప్పుడే ఆవిడకి విషయం అర్థమై ఉండాలి.

పన్నెండుమంది పిల్లల్లో ఒక పాప డిఫ్తీరియాతో పోయింది. మిగిలినవాళ్లు పదకొండుమంది. 1924 జూన్ 14న ఫ్రాంక్ రైల్వే స్టేషనుకి వెళ్లి, అక్కణ్ణుంచి ఇంటికి ఫోను చేస్తూ చేస్తూ గుండె ఆగి కూలిపోయాడు. అప్పటికి పెద్దమ్మాయికి పద్దెనిమిదేళ్లు. ఆఖరిదానికి రెండేళ్లు నిండీ నిండకుండా ఉన్నాయి. ఆయన లండన్‌లోనూ, ప్రేగ్‌లోనూ జరిగే సభలకి వెళ్లవలసి ఉంది. అయిదో రోజున ఆయన బదులు ఆవిడ ఓడెక్కింది. మన వీధిలో ఇలా జరిగితే ఎన్ని నోళ్లు లేచేవో! కానీ ఆవిడ కళ్లనీళ్లు ఆరకుండానే బయలుదేరిందంటే, ఆ పేరు మరుగున పడితే పదకొండు కంచాల్లోకి అన్నం రాదని తెలుసు గనక.

వెళ్లింది, మాట్లాడింది, మెప్పించింది. అయినా ఫ్యాక్టరీల కాంట్రాక్టులు ఒక్కొక్కటే జారిపోయాయి. ఏళ్ల తరబడి ఇద్దరూ కలిసి చెప్పిన సలహా అదే, చెప్పే బుర్రా అదే. కానీ డబ్బు ఇచ్చేవాళ్లు ఇన్నాళ్లూ తాము కొన్నది మొగవాడి సలహానే అనుకున్నారు. సొంత ప్రాక్టీసులో ఉన్న చిక్కే ఇది. ఉద్యోగికి కుర్చీ ఉంటుంది, ఆ కుర్చీకి జీతం ఉంటుంది. సలహా అమ్ముకునేవాళ్లకి ఉన్నదల్లా ఎదుటివాడి నమ్మకం. అది పోతే, డిగ్రీలన్నీ గోడకి వేలాడే పటాలే.

ఆవిడ చేతులు ముడుచుకు కూర్చోలేదు. మీరు నన్ను మీ ఫ్యాక్టరీకి పిలవకపోతే మీ మనుషుల్నే మా ఇంటికి పంపండి అన్నట్టుగా ఇంట్లోనే పాఠాలు మొదలుపెట్టింది. న్యూయార్కులో మేసీస్ అనే పెద్ద దుకాణం ఆవిడ సలహా తీసుకుంది. ఇంకో తలుపు కూడా తెరుచుకుంది, అది వంటింటి తలుపు. స్టవ్వులూ, ఫ్రిజ్‌లూ చేసే కంపెనీలకి ఆడవాళ్ల అవసరాలు తెలిసిన ఇంజనీరు కావలసివచ్చింది. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్లు శానిటరీ నాప్‌కిన్ల గురించి ఆవిడ చేత సర్వే చేయించారు. జనరల్ ఎలక్ట్రిక్ కోసం నాలుగు వేలమందికి పైగా ఆడవాళ్లని అడిగి, స్టవ్వూ, సింకూ ఎంత ఎత్తులో ఉంటే నడుం నొప్పి పుట్టదో తేల్చింది. న్యూయార్కులో ఒక పత్రిక వంటింట్లో గట్టూ, స్టవ్వూ, సామానూ చేతికందేలా సర్దిపెట్టి చూపిస్తే, ఒక కేకు చేయడానికి 281 అడుగులు వేసేచోట 45 సరిపోయాయి.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆవిడకి వంట అంతగా చేతకాదు! ఇంట్లో వంటమనిషి ఉండేవాడు. ఆడది గనక వంట తెలిసే ఉంటుందని కంపెనీల వాళ్లు అనుకున్నారు. ఆవిడ కాదనలేదు.

ఇలా ఒకచోట పని దొరికితే రెండోచోట చేజారుతూ, పెట్టె సర్దుకుని రైళ్లలో తిరుగుతూ, పెద్దపిల్లల చేత చిన్నపిల్లల్ని సాకిస్తూ ఏళ్లు గడిపింది. 1935లో పర్‌డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యేనాటికి ఆవిడకి యాభై ఆరో, యాభై ఏడో. పిల్లలు పదకొండుమందినీ కాలేజీ చదువులు చదివించింది. 1965లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడెమీలోకి ఎన్నికైన మొదటి మహిళ ఆవిడే. 1972లో, తొంభై మూడో ఏట కన్నుమూసింది.

ఆవిడ గొప్ప ఇంజనీరన్న మాటలో నాకు అనుమానం లేదు. కానీ డాక్టరేటు ఉన్న మనిషిని వీధి గుమ్మంలోంచి రానివ్వక, దొడ్డిదారిన వంటింట్లోకి పంపించారే అన్నది మాత్రం మింగుడుపడదు. అయితే ఆ మనిషి వంటింటిని కూడా ఫ్యాక్టరీలాగే కొలిచింది. ఇల్లాలి అడుగులకీ లెక్కుందని చూపించింది. అంతవరకూ వాటిని లెక్కపెట్టాలన్న ఆలోచనే ఎంతమందికి వచ్చింది?

మన పక్కింట్లోనే ఒకావిడ బట్టలు కుడుతుంది. ఎదురింటావిడ ట్యూషన్లు చెబుతుంది. "ఇంట్లో కూర్చుని చేసేదేగా" అని వాళ్ల దగ్గర అయిదూ పదీ బేరమాడుతుంటాం. ఆ మాట నేనూ అన్నాను. ఈసారి చెత్తడబ్బా మూత కాలితో తొక్కినప్పుడు ఆ సంగతి గుర్తుకొచ్చి, నోరు నొక్కుకుందామనుకుంటున్నాను.