మొదలుకుళ్ళు – మేలుచేయు సూక్ష్మజీవులు

మన చిత్తూరు సీమలో మెట్టచేను నమ్ముకొన్న కాపునకు తొలకరివాన యొకటి, విత్తనపుకాయల మూట యొకటి, ఈ రెండే పెట్టుబడి. అడంగలులో వేరుశనగ యని వ్రాసి విస్తీర్ణము వేయుట సులభము. నెల తిరుగకమునుపే మొలకలు మొదలంట నల్లబడి వ్రాలినచో లెక్క నిలుచును గాని చేను నిలువదు. తిరుపతి పరిశోధనాస్థానము నారాయణి, ధరణి వంటి రకముల నిచ్చినది. రకమెంత మేలైనను మొలక బ్రతికిన గదా!

ఈ తెగులునకు మూలము ఆస్పర్జిల్లస్ నైజర్ అను నల్లబూజు. అది నేలలోను, విత్తుమీదను పొంచియుండును. పూర్వులు దీని నెరుగరు. వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్ల రోగములకు శీతవాతాతపములను హేతువులుగా జెప్పెను. 1996లో సికిందరాబాదున ఆంగ్లానువాదముతో అచ్చయిన సురపాలుని వృక్షాయుర్వేదము, మాంసమజ్జాదులను ఉడికించి పులియబెట్టిన కుణపజలమును చెట్లకు బోయుమన్నది. పులియుట సూక్ష్మజీవుల పనియే. అంతమాత్రమున మనవారికి బాక్టీరియాలు తెలియునని చాటుకొనుట ఆ గ్రంథమునకు గౌరవము కాదు.

1845 నాటి ఐర్లండు బంగాళాదుంపల తెగులు పిమ్మటనే, శిలీంధ్రమే రోగకారణమని డిబారీ మొదలగువారు నిరూపించిరి. 1885లో మిల్లార్డే మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమును ప్రకటించెను.

మన వేరుశనగ కథ వేరు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున పొదిలె అప్పారావుగారు సహచరునితో గూడి, బాసిల్లస్ సబ్టిలిస్ ఏఎఫ్-1 అను బాక్టీరియా ఈ నల్లబూజు పోగులను కరగించివేయునని 1996లో ప్రకటించిరి. 2001 నాటి పరిశోధన మరియు చిత్రమైనది. ఆ బాక్టీరియాను నిలువయుంచు పీటుమట్టిలో నూటికి అరపాలు చిటిన్ గాని, చంపిన నల్లబూజునే గాని చేర్చిరి. రొయ్యపెంకులోని చిటినే బూజు గోడలోను గలదు. శత్రువు కళేబరమునే తిని బలిసిన సైన్యము మొదలుకుళ్ళును మరింత బాగుగ నణచినది! తిక్కాకు తెగులుపై చిటిన్‌ను కరగించు ఇతర బాక్టీరియాల ప్రయోగఫలితములు 2005లో వెలువడినవి. అందు పటాన్‌చెరువు ఇక్రిశాట్ వారికి పాలు గలదు.

అంగళ్ళలో దొరకునది సూడోమొనాస్ ఫ్లోరసెన్స్ పొడి. ఇది మట్టిలోని యినుమును తానే పట్టుకొని బూజునకు అందనీయదు. కిలో విత్తులకు 10 గ్రాములు చాలును. ఇది ప్రాణముగల పొడి. ఎండలో నుంచినను, గడువు దాటినను వట్టి సుద్దతో సమానము. వేరుశనగ విత్తు పొర పలుచన; గట్టిగా రుద్దినచో అది లేచి బూజునకు వాకిలి తెరచును. రసాయనమందు పట్టింపదలచినవారు ముందుగా దానినే పట్టించి, పిమ్మట ఈ పొడి కలిపి, నీడన ఆరబెట్టి, ఆ దినముననే విత్తవలెను.