చెవి ఒగ్గిన పంతులుగారు

1996లో డిచ్‌పల్లిలో నేను ఒకటో తరగతి. నా పక్కన కూర్చునే పిల్లాడు దసరా సెలవుల దాకా ఒక్క మాట మాట్లాడలేదు. తండా నుంచి నడిచి వచ్చేవాడు. మూగోడనే అనుకున్నం మేమంతా. సెలవులయ్యాక కొత్తగా వచ్చిన సారు ఒకరోజు మధ్యాహ్నం వాడి డబ్బాలో రొట్టె చూసి ‘బాటి?’ అన్నారు. నీళ్ల సీసా చూపించి ‘పాణి?’ అన్నారు. లంబాడీలో ఆయనకి వచ్చినవి ఓ పది మాటలేమో. వాడు నవ్వాడు. ఆ తర్వాత ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. మాకెవరికీ అర్థం కాలేదు, సారుకి కూడా. అయినా ఆయన తినడం ఆపి వింటూ కూర్చున్నారు.

మా తాత తరం వాళ్లకి ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ. నిజాం కాలపు ఆ కష్టం గురించి తెలంగాణలో ఎవరినడిగినా ఓ గంట చెప్తారు, చెప్పాలి కూడా. అదే బళ్లోకి తర్వాత తెలుగొచ్చి కూర్చున్నాక, అది తండా పిల్లాడికి ఏమైందో మాత్రం అంతగా చెప్పుకోం. తెలుగు పంతుళ్లలో ఈ సంగతిని ముందుగా పట్టించుకున్నదెవరా అని వెతుక్కుంటూ పోతే, నేను మా ఇందూరు దాటి, గోదావరి దాటి, ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో తేలాను. అక్కడ కనబడ్డాయన మనందరికీ తెలిసిన మనిషే. గిడుగు వెంకట రామమూర్తి.

గిడుగు అనగానే వ్యావహారిక భాషోద్యమం, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం, పొద్దున్నే వాట్సాప్‌లో పూలబొమ్మలతో శుభాకాంక్షలు. నాకూ అంతవరకే తెలుసు. ఆ ఉద్యమం మొదలయ్యే నాటికే ఆయన పాతికేళ్లుగా పంతులుగిరీ చేస్తున్నాడనీ, తెలుగు కంటే ముందు ఆయన కొట్లాడింది వేరే భాష కోసమనీ తెలీదు.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. విజయనగరంలో మెట్రిక్, అక్కడ గురజాడ సహాధ్యాయి. 1880లో, అంటే పదిహేడేళ్ల వయసులో, పర్లాకిమిడి రాజావారి బళ్లో ఉపాధ్యాయుడిగా చేరాడు. పై చదువులన్నీ ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా కట్టినవే. చుట్టూ కొండల్లో సవరలు ఉండేవాళ్లు. వాళ్ల పిల్లలకి బడి లేదు. ఉన్నా లాభం లేదు, ఎందుకంటే బళ్లో చెప్పేది వాళ్లకి అర్థమయ్యే భాష కాదు.

ఇక్కడ మామూలుగా ఏ మంచి పంతులైనా చేసేది ఆ పిల్లలకి తెలుగు నేర్పడం. గిడుగు తిరగేసి ఆలోచించాడు: ముందు తను సవర నేర్చుకోవాలి. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. తెలుగుకి ఏ రకంగానూ చుట్టం కాని భాష అది. ముండా కుటుంబానిది, సంతాలీ, ముండారీల వైపుది. గొంతులో టక్కున ఆగిపోయే ధ్వనులుంటాయి, వాటికి మన అక్షరమాలలో గుర్తు లేదు.

నన్ను ఎక్కువగా ఆపింది వాళ్ల లెక్క. సవరలో సొంత పేర్లు పన్నెండు దాకా నడుస్తాయి. పదమూడంటే పన్నెండు-ఒకటి, పంతొమ్మిదంటే పన్నెండు-ఏడు. ఇరవై మళ్లీ కొత్త మెట్టు. ముప్పై మూడు అంటే ఇరవై-పన్నెండు-ఒకటి! బేస్ టూ, బేస్ సిక్స్‌టీన్ అని నాలుగేళ్లు చదివిన నాకే ఇది పట్టడానికి కాసేపు పట్టింది. ఇలా లెక్కపెట్టే పిల్లాడి ముందు నిలబడి ‘పది మీద మూడు పదమూడు’ అంటే వాడు తెల్లమొహం వెయ్యడూ? తప్పు వాడి బుర్రది కాదు. వాడి బుర్రలో వేరే లెక్క శుభ్రంగా నడుస్తోంది.

గిడుగు సవరలో వాచకాలు రాశాడు. కథలు, పాటలు పుస్తకాలుగా వేశాడు. నిఘంటువులు కూర్చాడు. సొంత ఖర్చుతో బళ్లు పెట్టి, పంతుళ్లకి జీతాలిచ్చి, సవరలోనే చదువు చెప్పించాడు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇస్తానంటే, నాకొద్దు, దాంతో సవర పిల్లలకి బడి పెట్టండి అన్నాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది, నేర్చుకోవడం మొదలుపెట్టిన దాదాపు నలభై ఏళ్లకి. కొడుకు సీతాపతి కూడా ఆ పనిలోనే పెరిగాడు.

కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు. దానికి మింగిన క్వినైన్‌తో చెవులు దెబ్బతిన్నాయి. ధ్వనులు విని విడదీసి రాసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయింది. ఆ తర్వాత కూడా పని ఆపలేదు. దీన్ని త్యాగం అని పెద్ద మాటతో కప్పెయ్యడం నాకిష్టం లేదు. అది ఆయన ఉద్యోగంలో తగిలిన దెబ్బ, గనిలో పనిచేసేవాడికి ఊపిరితిత్తులు పోయినట్టు.

తెలుగు సంగతి దీని తర్వాతే వచ్చింది. 1907 ప్రాంతంలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర, పుస్తకాల తెలుగు, నోటి తెలుగు ఇంత తేడాగా ఎందుకున్నాయని అడిగాడు. గురజాడతో పాటు గిడుగుకి కూడా ఆ ప్రశ్న చేరింది. గ్రాంథికం చదివే తెలుగు పిల్లాడు, తెలుగు వినే సవర పిల్లాడు ఆయనకి ఒకేలా కనబడి ఉంటారని నా నమ్మకం. మనం మాత్రం గిడుగులో రెండో సగమే ఉంచుకున్నాం, అది మనకి పనికొచ్చింది కాబట్టి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయింది, పర్లాకిమిడి అందులోకి పోయింది. అలా పోకూడదని కొట్లాడిన గిడుగు, యాభై ఆరేళ్లుగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. 1940 జనవరిలో పోయాడు. సరిగ్గా ఆ 1936లోనే మంగేయి గమాంగో అనే సవర మనిషి తమ భాషకి సొంత లిపి చేశాడు. సొరాంగ్ సొంపెంగ్ అంటారు. మీ తెలుగక్షరాలు, మీ ఒడియా అక్షరాలు మాకక్కర్లేదన్నట్టే. ఇది గిడుగు పనిని కొట్టిపారేయడం అని కొందరికి అనిపించొచ్చు. నాకలా అనిపించదు. మన భాష రాతకి తగినదే అని ఒకసారి రుజువయ్యాక, ఎవరి అక్షరాల్లో రాయాలన్నది వాళ్లే తేల్చుకుంటారు. 2012లో ఆ లిపి యూనికోడ్ 6.1లోకి వచ్చింది.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. అందులో సవర ఉంది. లంబాడీ కూడా ఉంది. నా పక్కన కూర్చున్న వాడికి అది ఎనిమిదేళ్లు ఆలస్యం. మా సారుకి రెండేళ్లకే బదిలీ అయింది. తర్వాత వచ్చిన వాళ్లెవరికీ బాటి, పాణి అన్న మాటలతో పని పడలేదు. వాడు నాలుగో తరగతికి రాలేదు.