బడికి కంప్యూటర్ వచ్చింది.. దాంతో పాఠం చెప్పడం టీచర్లకు ఎవరు నేర్పుతున్నారు?

దేశంలో కంప్యూటర్లు ఉన్న బడులు 2023-24లో 57.2 శాతం. మరుసటి ఏడాదికి అవి 64.7 శాతమయ్యాయి. ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 నుంచి 63.5 శాతానికి పెరిగాయి. ఇవి కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ నివేదికల లెక్కలు. పరికరాలు వేగంగానే వస్తున్నాయి. మరి వాటిని తరగతిలో వాడే టీచర్లకు శిక్షణ ఎలా అందుతోంది?

ల్యాబులకు తాళాలు ఎందుకు పడ్డాయి?

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. బడుల్లో కంప్యూటర్ విద్య కోసం కేంద్రం 2004 డిసెంబరులో ఐసీటీ పథకం తెచ్చింది. దాని కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5 వేల ఉన్నత పాఠశాలలకు ‘బూట్’ పద్ధతిలో ల్యాబులు ఇచ్చారు. అంటే ప్రైవేటు సంస్థే కంప్యూటర్లు పెట్టి, ఐదేళ్లు నడిపి, తర్వాత బడికి అప్పగించాలి. బోధకులను నియమించే బాధ్యత కూడా ఆ సంస్థదే.

గడువు తీరింది, బోధకులు వెళ్లిపోయారు. చాలాచోట్ల ల్యాబులు మూలన పడ్డాయి. యంత్రాలు పాతబడటం, మరమ్మతులకు డబ్బు లేకపోవడం కొంత కారణమే. కానీ అసలు చిక్కు వేరే ఉంది. కంప్యూటర్ అంటే ‘కంప్యూటర్ సారు’ పని అన్నట్టుగానే ఆ ఐదేళ్లూ గడిచాయి. లెక్కల టీచరుకు గానీ, సైన్సు టీచరుకు గానీ ల్యాబు తమ పాఠంలో భాగం కాలేదు. కాబట్టి ఆ సారు వెళ్లాక దాన్ని తెరిచే అవసరం ఎవరికీ రాలేదు.

ఇప్పుడు శిక్షణ ఎలా?

2018లో ఐసీటీ పథకం సమగ్ర శిక్షలో కలిసింది. 2019 ఆగస్టు 21న కేంద్రం ‘నిష్ఠా’ కార్యక్రమం మొదలుపెట్టింది. సుమారు 42 లక్షల మంది ప్రాథమిక, ప్రాథమికోన్నత టీచర్లు, ప్రధానోపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం లక్ష్యం. బోధనలో కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకం అందులో ఒక భాగం. మొదట నేరుగా తరగతులు పెట్టారు. కరోనా రావడంతో 2020 అక్టోబరు నుంచి ‘దీక్షా’ వేదికపై ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన వేదిక ఇది. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునేదీ ఇదే.

టీచర్లు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అన్ని గంటలు అందరికీ ఇవ్వడానికి ఆన్‌లైన్ సులువైన దారి. ఇబ్బంది కూడా అక్కడే. వీడియోలు చూసి, చివర ప్రశ్నలకు జవాబులిస్తే సర్టిఫికెట్ వస్తుంది. తరగతి గోడకున్న ప్యానెల్‌ను ఒక్కసారైనా ముట్టుకోకుండానే కోర్సు పూర్తిచేయొచ్చు.

ఇంకో భ్రమ కూడా ఉంది. హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లో నమోదు చేసే టీచరుకు కంప్యూటర్ వచ్చేసినట్టే అనుకుంటాం. అది గుమాస్తా పని. పాఠం చెప్పడం వేరు.

ఏది అసలు నైపుణ్యం?

టీచర్ల ఐసీటీ నైపుణ్యాలకు యునెస్కో ఒక చట్రం రూపొందించింది. 2018 నాటి మూడో కూర్పులో మూడు స్థాయిలు, 18 నైపుణ్యాలు ఉన్నాయి. మూడు స్థాయిల తేడా తెలియాలంటే విద్యుత్ పాఠాన్ని తీసుకుందాం. సిద్ధంగా ఉన్న వీడియో చూపించడం మొదటి మెట్టు. కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే ‘ఫెట్’ నమూనాల్లో పిల్లలే తెరపై బల్బు, బ్యాటరీ కలిపి, నిరోధం పెంచితే ఏమవుతుందో ముందు ఊహించి, తర్వాత సరిచూసుకోవడం రెండోది. పిల్లలు ఎక్కడ పొరబడ్డారో గమనించి, టీచరు తానే కొత్త అభ్యాసం తయారుచేసి తోటివాళ్లతో పంచుకోవడం మూడోది. మన శిక్షణల్లో చాలావరకు మొదటి మెట్టు దగ్గరే ఆగుతున్నాయి.

తెలంగాణ సహా నాలుగు రాష్ట్రాల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్ట్స్ కలిసి నడిపిన ‘క్లిక్స్’ కార్యక్రమం మరో దారి పట్టింది. లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ టీచర్లకు వారి సబ్జెక్టులోనే శిక్షణ ఇచ్చారు. నెట్ లేకపోయినా ల్యాబులో నడిచే పాఠాలు తయారుచేశారు. శిక్షణ ముగిశాక కూడా సందేహాలు అడుక్కోవడానికి టీచర్ల ఫోన్ గ్రూపులు ఉండేవి. మన దగ్గర చాలా శిక్షణల్లో లేనిది ఈ చివరిదే. సందేహం వచ్చేది శిక్షణ రోజున కాదు, పదిహేను రోజుల తర్వాత తరగతిలో.

కోర్సులో చేరే టీచర్లు గమనించాల్సినవి

దీక్షాలో ప్రతి కోర్సు బ్యాచ్‌కూ గడువు ఉంటుంది. అది దాటితే సగం చేసిన కోర్సుకు సర్టిఫికెట్ రాదు. ప్రొఫైల్‌లో పేరు ఎలా ఉంటే సర్టిఫికెట్‌పై అలాగే వస్తుంది, కాబట్టి చేరేముందే సర్వీసు రికార్డుతో సరిచూసుకోవాలి. నెట్ సరిగా అందని ఊళ్లలో వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అయితే చూసినట్టు నమోదు కావాలంటే తర్వాత ఒకసారి నెట్‌కు కలిపి యాప్ తెరవాలి.

ఇక చేతి అలవాటుకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉండనే ఉన్నాయి. ఎవరో ఒకరు వచ్చే వారం చెప్పబోయే పాఠాన్నే అక్కడి ప్యానెల్‌పై చెప్పి చూపిస్తే, మిగతావాళ్లు వరుసగా ప్రయత్నించవచ్చు. దానికి కొత్త ఉత్తర్వు అవసరం లేదు. ఎజెండాలో అరగంట కేటాయిస్తే సరిపోతుంది.