ప్రమాద బీమా ఒక్కటే చాలదు.. ఏజెన్సీ సరిహద్దులో ఉద్యోగులకు ఏ పాలసీలు ఇస్తే మేలు?

ఖమ్మం గ్రానైట్ యూనిట్ల నుంచి భద్రాచలం లాడ్జీల దాకా చిన్న సంస్థల్లో వేలమంది పనిచేస్తున్నారు. వీళ్లకు జీతంతో పాటు బీమా కూడా కల్పించాలనుకునే యజమానులు ముందుగా చూసేది ప్రమాద బీమానే. ప్రీమియం తక్కువ, కవరేజీ ఎక్కువ. కానీ అడవి అంచు మండలాల్లో ఏటా వానాకాలం వచ్చిందంటే మలేరియా, డెంగీ భయమే. ఆ జ్వరాలకు ప్రమాద బీమా పనికిరాదు. అసలు చూసుకోవాల్సింది ఇక్కడే.

సింగరేణి ఏం చేసింది?

కొత్తగూడెం కేంద్రంగా నడిచే సింగరేణి తన ఉద్యోగులకు రూ.కోటి ప్రమాద బీమా కల్పించింది. 2024 ఫిబ్రవరి 26న సీఎం రేవంత్ రెడ్డి ఈ పథకాన్ని ప్రారంభించారు. యూనియన్ బ్యాంక్‌లో ఉద్యోగుల జీతం ఖాతాలు ఉండటంతో, ఆ ఖాతా ద్వారానే ఈ బీమా వచ్చింది. కార్మికులు విడిగా ప్రీమియం కట్టాల్సిన పని లేదు. చిన్న సంస్థలకు కోటి రాకపోవచ్చు. కానీ చేతికి జీతం ఇవ్వడం మాని అందరికీ ఒకే బ్యాంకులో శాలరీ ఖాతాలు తెరిపిస్తే ఎంత బీమా వస్తుందో మేనేజర్‌ను అడగొచ్చు.

దోమ కాటు ప్రమాదం కాదు

మొజాంబిక్‌లో ఉద్యోగం చేస్తూ మలేరియాతో చనిపోయిన ఓ భారతీయుడి కేసులో సుప్రీంకోర్టు 2019 మార్చిలో తీర్పు ఇచ్చింది. మలేరియా ఎక్కువగా ఉన్న చోట దోమ కుట్టి జబ్బు రావడం అనుకోని ఘటన కాదని, దాన్ని ప్రమాదంగా చూడలేమని తేల్చింది. దీంతో ప్రమాద బీమా వర్తించలేదు. చర్ల, దుమ్ముగూడెం వైపు మనుషులను పనిలో పెట్టుకునేవాళ్లు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

పాము కాటు సంగతి వేరు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో పాము కాటు, చెట్టు మీద నుంచి పడటం లాంటివి ప్రమాదాలే. అయితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లినట్టు రికార్డు ఉండాలి. నాటు వైద్యంతో కాలం గడిపితే ప్రాణానికే ముప్పు.. పైగా క్లెయిమ్ కూడా చేజారుతుంది.

రూ.456తో మొదలుపెట్టొచ్చు

సురక్షా బీమాకు ఏడాదికి రూ.20. ప్రమాదంలో చనిపోతే రూ.2 లక్షలు వస్తాయి. వయసు 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండాలి. జీవన జ్యోతి బీమాకు రూ.436. జ్వరమైనా, గుండెపోటైనా ఏ కారణంతో చనిపోయినా రూ.2 లక్షలు ఇస్తారు. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి. చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాద మరణానికే వర్తిస్తుంది.

రెండూ కలిపి మనిషికి రూ.456. పాతికమంది ఉన్న సంస్థకు ఏడాదికి రూ.11,400 అన్నమాట. ఇవి ఉద్యోగి సొంత బ్యాంకు ఖాతా నుంచే కట్ అవుతాయి. కాబట్టి మే నెల జీతంలో ఆ మొత్తం కలిపి వేస్తే సరి. జూన్ 1 నుంచి మే 31 వరకు బీమా నడుస్తుంది. ఖాతాలో డబ్బు లేకపోతే పాలసీ ఆగిపోతుంది. మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీల్లో ఖాతా లేనివాళ్లు ఉంటే ముందు ఖాతా తెరిపించాలి.

ఆస్పత్రి ఖర్చు మాటేమిటి?

పై రెండు పథకాలూ వైద్యం బిల్లు కట్టవు. నెల జీతం రూ.21 వేల లోపు ఉండి, ఈఎస్ఐ వర్తించే సంస్థ అయితే వైద్యం అందులోనే వస్తుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెంచింది. అయితే జాబితాలో ఉన్న చికిత్సలకే అది వర్తిస్తుంది. ఈ రెండింటిలో రానిదానికి గ్రూప్ హెల్త్ పాలసీ తీసుకోవాలి. జ్వరంతో మంచాన పడితే కూలీకి రోజు గడవదు కాబట్టి, ఆస్పత్రిలో ఉన్న రోజులకు నగదు ఇచ్చే 'హాస్పిటల్ క్యాష్' కూడా ఉపయోగపడుతుంది.

సంతకానికి ముందు ఇవి అడగండి

* క్యాష్‌లెస్ ఆస్పత్రులు భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మంలో ఏవి ఉన్నాయి? హైదరాబాద్ జాబితా చూపిస్తే లాభం లేదు.
* మలేరియా, డెంగీకి మొదటి రోజు నుంచే కవరేజీ ఉందా?
* పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఎంత?
* చెప్పిన ప్రీమియంలో జీఎస్టీ కలిసిందా? 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలకే జీఎస్టీ మినహాయింపు. గ్రూప్ పాలసీలకు 18 శాతం పడుతుంది.
* ఉద్యోగం మానేస్తే బీమా ఏమవుతుంది?

పీఎఫ్ ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే ఈడీఎల్ఐ కింద కుటుంబానికి గరిష్ఠంగా రూ.7 లక్షలు వస్తాయి. దీనికి యజమాని ఇప్పటికే డబ్బు కడుతున్నా, ఈ సంగతి తెలియని కుటుంబాలు క్లెయిమే పెట్టవు. అలాగే పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత చట్టప్రకారం యజమానిదే. అదనంగా పాలసీ చేయించినంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు.

ఏ పాలసీ తీసుకున్నా నామినీ పేరు, ఆధార్‌లో పేరు సరిపోయాయో లేదో చూసుకోవాలి. పాలసీ కాగితం జిరాక్స్ ఒకటి ఉద్యోగి ఇంట్లో ఉండేలా చూడాలి. బీమా ఉందని ఇంటివాళ్లకు తెలియకపోతే ఆ డబ్బు అడిగేవాళ్లే ఉండరు.