పుష్కరాల్లో తడబడిన పేరు

2015 జూలైలో గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళాం. నాన్న రేవులో మెట్టు మీద కూర్చుంటే పంతులుగారు ఒక్కొక్క పేరూ అడుగుతున్నారు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు నాన్న గడగడా చెప్పేశారు. తల్లి పేరూ చెప్పారు. "మీ నాయనమ్మగారి పేరు?" అనేసరికి ఆగిపోయారు.

"మారు నాయనమ్మ పేరు తెలుసండీ, ఆవిడే మా నాన్నని పెంచింది. కన్నావిడ పేరు తెలీదు" అన్నారు చిన్నగా. వెనక జనం తోసుకుంటున్నారు. పంతులుగారు "గంగ అనుకోండి, పర్లేదు" అని ముందుకి వెళ్ళిపోయారు. ఆయన తప్పేం లేదు. కానీ డెబ్భై ఏళ్ళకి దగ్గరపడుతున్న మనిషి సొంత నాయనమ్మకి ఊరూ పేరూ లేని ముద్ద పెట్టి లేవడం చూస్తే నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

ఆవిడ గురించి మా ఇంట్లో మిగిలినవి రెండే మాటలు. "జ్వరాల ఏడు పోయింది", "పసుపు కుంకుమల చేను అమ్మి బావి తవ్వించారు". ఈ రెండూ మా మామ్మ నోట విన్నవే. మామ్మ ఈ అత్తగారిని కళ్ళతో చూడనే లేదు. అయినా ఎప్పుడూ "మీ తాతగారిని కన్నావిడ" అనేది తప్ప పేరు పలికేది కాదు. తాతగారి పేరూ అంతే. ఆ పేరున్న దేవుణ్ణి కూడా "ఆయన పేరు గల స్వామి" అని దణ్ణం పెట్టుకునేది. మేం పిల్లలం నవ్వేవాళ్ళం.

మా పెదనాన్న వేసిన వంశవృక్షం ఉంది. పెద్ద మర్రిచెట్టు బొమ్మ, ఏడు తరాలు, అన్నీ మగ పేర్లే. అంతమంది మగవాళ్ళూ ఏ తల్లి కడుపునా పుట్టకుండానే ఊడల్లా దిగినట్టు ఉంటుంది ఆ బొమ్మ చూస్తే. ఆడపిల్లల దగ్గర కొమ్మ గీయనే లేదు. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివే ఉంటాయి, ఒకసారి తీసి చూడండి.

ఇంటికొచ్చాక అన్నదమ్ముల పిల్లలం, అక్కచెల్లెళ్ళ పిల్లలం కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఎవరి దగ్గర ఏ కాగితం ముక్క ఉంటే అది ఫొటో తీసి పెట్టాలి. టెక్సాస్‌లో ఉన్న మా బావ ముందు ఉత్సాహపడ్డాడు. అక్కడ జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్ళు గడిచాక ఎవరైనా చూసుకోవచ్చట. ఇంటింటి పేర్లూ వయసులతో సహా దొరుకుతాయి. ఇంగ్లండులో వందేళ్ళకి తెరుస్తారు. మనకి 1871–72 నుంచీ లెక్కలున్నా మనిషి మనిషి వివరం మనకి చూపించరు. 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం అది రహస్యం. అలా ఒక దారి మూసుకుపోయింది.

కరణంగారి పుస్తకాలు అనుకున్నాం. 1984లో కరణం, మునసబు పదవులు రద్దు చేశాక మా ఊళ్ళో ఆ పాత పుస్తకాలు ఎటు పోయాయో చెప్పగలిగినవాళ్ళు లేరు. బ్రిటిషు వాళ్ళ కాలం నాటి రీసెటిల్‌మెంటు రిజిస్టరు, అదే ఆర్‌.ఎస్‌.ఆర్‌ అంటారు, దాని నకలు మాత్రం మా తమ్ముడు సంపాదించాడు. అందులో సర్వే నంబరు, పల్లమా మెట్టా, ఎకరాలు సెంట్లు, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. భూమి గురించి అన్నీ ఉన్నాయి. ఆడవాళ్ళ పేర్లు వెతుక్కుంటూ పోతే పేజీకి ఒకటో రెండో తగిలాయి, చాలావరకు భర్త పోయినవాళ్ళవే. ఉన్నన్నాళ్ళూ పేరు అక్కర్లేదు కాబోలు. తెలంగాణలో ఉన్నవాళ్ళు సేత్వారూ, 1954–55 ఖాస్రా పహాణీ చూడొచ్చు. అన్నట్టు పాత కాగితాల్లో ఫసలీ అని ఉంటే దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1335 అంటే 1925 జూలైలో మొదలైన ఏడు. తెలుగు సంవత్సరం ఒక్కటే రాసి ఉంటే మాత్రం జాగ్రత్త, అరవయ్యేళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది.

ఈ వెతుకులాటలో నాకు ఒక విషయం తెలిసి చాలాసేపు వంట కూడా మొదలుపెట్టకుండా కూర్చున్నాను. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో 342 మంది కూలీలు దక్షిణాఫ్రికాలో నాటాల్‌కి వెళ్ళారు. ఆ ఏడు నవంబరు 16న డర్బన్‌లో దిగారు. ఆ తర్వాత 1911 వరకూ లక్షన్నర మందికి పైగా వెళ్ళారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ చాలామంది. ఓడ ఎక్కే ప్రతి మనిషికీ ఒక నంబరిచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసుకున్నారు. ఆడమనిషికైనా అంతే. మారిషస్‌లో మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ అలాంటి రిజిస్టర్లు ఇప్పటికీ భద్రపరిచింది. అక్కడివాళ్ళు వచ్చి తమ పెద్దల నంబరు చూసుకుని ఏ ఊరి నుంచి వచ్చారో తెలుసుకుంటారు. వాళ్ళ మీద ప్రేమతో రాసిన లెక్క కాదది, చెరకు తోటల్లో పనికి కట్టిన లెక్క. అయినా కడుపు చేత్తో పట్టుకుని సముద్రం దాటిన ఆడమనిషి పేరు కాగితం మీద ఉంది. పల్లపు పొలాలున్న ఇంట్లో కోడలిగా బతికి పోయిన మా తాతమ్మ పేరు లేదు.

చివరికి దారి చూపించింది మామ్మ చెప్పిన ఆ రెండో మాటే. చేను అమ్మారంటే దస్తావేజు రాసి ఉండాలి కదా! ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈ.సి. తీస్తే 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో వెతకాల్సిందే. అక్కడ ఒకటో నంబరు పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులన్నీ అక్షరం పొల్లుపోకుండా ఎక్కిస్తారు. దానికి ఇండెక్సులు రెండు, ఒకటి మనుషుల పేర్లతో, రెండోది భూమి వివరంతో. ఫీజు కట్టి ఎవరైనా చూడమని అడగొచ్చు. 1908 చట్టంలోనే ఆ వీలుంది. నాకీ సంగతి యాభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు.

మా తమ్ముడు మూడుసార్లు తిరిగాడు. తాతమ్మ పేరు తెలియదు కాబట్టి ముత్తాత పేరుతో వెతికించాడు, దొరకలేదు. అప్పుడు చిట్టత్త, అంటే మా మేనత్త, ఫోనులో ఒక మాట అంది. "చేను ఆవిడదైతే ఆవిడ తర్వాత కొడుక్కి రావాలిగానీ మొగుడికి ఎందుకొస్తుందిరా? మీ తాత పేరుతో చూడు." ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి! తాతగారు అప్పటికి పదీ పన్నెండేళ్ళ పిల్లాడు. ఆయన పేరుతో చూస్తే దొరికింది. 1920ల నాటి క్రయ దస్తావేజు. మైనరు కొడుకు తరఫున తండ్రి గార్డియనుగా అమ్మినట్టు ఉంది.

నకలంతా గొలుసుకట్టు రాత. మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. మా వీధిలో దస్తావేజులు రాసి రిటైరైన పెద్దాయన ఉంటే ఆయన భూతద్దం పెట్టుకుని వరసగా చదివి వినిపించారు. చేను ఎలా వచ్చిందో చెప్పేచోట, ఈ మైనరు తల్లికి పెళ్ళిలో ఆమె తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చిందనీ, ఆమె కాలం చేశాక ఒక్కడే కొడుకు కాబట్టి ఇతనికి దఖలు పడిందనీ రాసి ఉంది. ఆమె పేరూ, ఆమె తండ్రి పేరూ, పుట్టిన ఊరూ ఉన్నాయి. జ్వరాల ఏడంటే ఏమిటో కూడా నాకప్పుడు తట్టింది. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటికి తాతగారికి నాలుగేళ్ళు.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో చెప్తాను.

సాయంత్రం చిట్టత్తకి ఫోన్ చేసి చదివి వినిపించాను. అటునుంచి మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను. "మళ్ళీ చదువమ్మా" అంది. మళ్ళీ చదివాను.

"అది నా పేరే కదే!"

అవును. చిట్టత్త అసలు పేరు అదే. శుభలేఖ మీద, రేషన్ కార్డు మీద ఉన్న పేరు. ఊరి అమ్మవారి పేరు కూడా కావడంతో అమ్మవారి పేరే పెట్టారని అందరూ అనుకున్నారు, నాన్నతో సహా. తాతగారు కూతురికి తల్లి పేరు పెట్టుకున్నారు. అత్తగారి పేరు నోటితో అనకూడదు కాబట్టి మామ్మ ఆ పిల్లని చిట్టీ అంది. ఇంటిల్లిపాదికీ ఆవిడ చిట్టి అయిపోయింది.

"మా అమ్మ నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదే" అంది అత్త. "తమ్ముళ్ళందర్నీ పేర్లతో పిలిచేది. నన్ను కోపం వచ్చి తిట్టినా చిట్టే. ఆడపిల్లననే పేరు కూడా నోట రావట్లేదు అనుకునేదాన్ని. అత్తారింటికి వెళ్ళే రోజైనా పిలుస్తుందేమో అని చూశాను." డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ మాటంటూ వెక్కిళ్ళు పెట్టింది. నాకేం చెప్పాలో తోచక ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయాను.

పేరు మాత్రం నలుగురిలో పెట్టొద్దంది. "ఇన్నాళ్ళూ అమ్మ దాచింది, నువ్వు బయటపెట్టకు" అని.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. మోకాళ్ళు సహకరించకపోయినా తనూ వస్తానంటోంది చిట్టత్త, పంతులుగారికి ఆ పేరు తనే చెప్తుందట. నాన్న సరేనన్నారు. అయితే నాయనమ్మ తర్వాత ముత్తవ్వ పేరు కూడా అడుగుతారు కదా, అదింకా దొరకలేదు. తాతమ్మ పుట్టింటి ఊరు తెలిసింది కాబట్టి పెళ్ళినాటి కాగితమేదైనా రిజిస్టరైందేమో, అందులో వియ్యపురాలి ఊసు ఉందేమో చూస్తానని తమ్ముడు వేసవి సెలవులకి అక్కడికి వెళ్తున్నాడు.