ఈతవనం, ఒక్క ఓటు

కర్ణాటకలో కల్లు గీత ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. 2004లో వచ్చిన నిషేధం దక్షిణ కన్నడ, ఉడుపి లాంటి కోస్తా జిల్లాలను వదిలేసి, మైదాన ప్రాంతమంతటా కల్లంగళ్ళను మూయించింది. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోనూ మూతపడ్డాయి. ఆ రోజును తలుచుకుని ఎవరూ సభ పెట్టరు. పెట్టాలని నేనూ అనను. కాని తరతరాలుగా ఊరి మగవాళ్ళు పొద్దు వాలాక చేరి కూర్చున్న చోటు ఒకటి మన కళ్ళముందే మాయమైంది. దాని చరిత్రను ఒక్క ఆదివారమైనా మనసారా చెప్పుకోవాలి.

పావగడ పాలన కర్ణాటకది, ఇంట్లో మాట ఎక్కువగా తెలుగు. తాలూకా చుట్టూ దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశే. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం సీమల నడుమ చొచ్చుకుపోయిన నేల ఇది. నాగలమడిక దగ్గర ఉత్తర పినాకిని పారుతుంది, పారినప్పుడు. వాన తక్కువ, వేరుశనగ ఎక్కువ. ఇలాంటి నేలలో వాగుల వెంట, చెరువు కట్టల కింద, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా పెరిగేది ఈత చెట్టు. ఇక్కడ కల్లంటే ఈతకల్లే.

ఈత చెట్టు గీత తెలిసినవాళ్ళు ఒక విషయం చెబుతారు. మొవ్వు కింద మెత్తని మానును ఒక ఏడు ఒక పక్క గీస్తే, మరుసటి గీతకు రెండో పక్క గీస్తారు. అందుకే ముదురు చెట్టు మాను వంకరటింకరగా, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆ గంట్లు లెక్కపెడితే చెట్టు ఎన్ని కాలాలు కల్లిచ్చిందో తెలిసిపోతుంది. సాయంత్రం గీత కులంవాడైన ఈడిగ మోకు వేసుకుని ఎక్కి, కత్తితో పలచగా చెక్కి కుండ కడతాడు. రాత్రంతా రసం చుక్క చుక్కగా కారుతుంది. తెల్లవారుజామున దించితే తియ్యగా ఉంటుంది, అదే నీరా. కుండకు లోపల సున్నం పూస్తే ఆ తీపి కొంతసేపు నిలుస్తుంది. పూయకపోతే గాలిలోనూ పాతకుండలోనూ ఉన్న ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దెక్కేసరికి పులుపు, పొద్దు వాలేసరికి ఘాటు, మర్నాటికి నోట పెట్టలేని పులుపు.

కల్లంగడి పుట్టుక రహస్యమంతా ఇక్కడే ఉంది. కల్లు దాచుకోవడానికి పనికిరాదు, దూరం పంపడానికి పనికిరాదు. ఏ ఊరి చెట్టు కల్లు ఆ ఊళ్ళోనే, ఆ రోజే తాగాలి. కాబట్టి తాగేవాళ్ళు ఒకచోట చేరక తప్పదు. బోదకప్పు పాక, కొన్నిచోట్ల అదీ లేకుండా ఈతవనంలోనే చెట్టు నీడ. ముంతలో పోస్తారు, దొన్నెలో పోస్తారు. నంజుకోవడానికి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, అలసంద గుగ్గిళ్ళు, కాల్చిన ఎండుచేప. సంత బేరాలు అక్కడే తెగేవి. ఎద్దుల జత ధర, పొలం గట్టు తగాదా, పిల్లనిచ్చే ఇంటి మంచిచెడ్డలు, బావి ఎన్ని మట్ల లోతుకు పోయింది, అన్నీ అక్కడే. చక్కభజన పాటగాడు గొంతు సవరించుకునేదీ అక్కడే. పేదవాడు కూలి డబ్బులో కొంత పెట్టి గంటసేపు కూర్చోగలిగిన చోటు ఊళ్ళో మరొకటి లేదు.

ఆ నీడ అందరికీ సమానంగా పడలేదు. చాలా ఊళ్ళలో దళితుడి ముంత వేరు, కూర్చునే చోటు వేరు. ఆడవాళ్ళు గీత కుటుంబం నుంచి అమ్మడానికి వచ్చేవారు, కూలి చేసి అలసి ముంతెడు తాగి పోయే ముసలమ్మలూ ఉండేవారు. ఇంట్లో బియ్యం లేని రాత్రి మాత్రం ఆ అంగడి మీద శాపనార్థాలు పెట్టిందీ ఆడవాళ్ళే. ఆ చోటును ప్రేమించేవాడు ఈ రెండూ చెప్పాలి.

వెనక శతాబ్దాల సంగతి వేగంగానే దాటాలి. ఇక్కడి నిడగల్లు కొండ మీద చోళుల శాఖ ఒకటి పన్నెండు, పదమూడో శతాబ్దాల్లో ఏలింది. తరువాత విజయనగరం, ఆ తరువాత పాలెగాళ్ళు, హైదర్ అలీ. రాజుల దానాలు రాళ్ళ మీద చెక్కారు, కల్లుముంత లెక్క ఎవరు చెక్కుతారు? టిప్పు సుల్తాన్ తన రాజ్యంలో మద్యాన్ని మాన్పించాలని గట్టిగా తలపెట్టాడు. 1799లో ఆయన పోయాక ఆ పట్టుదలా పోయింది. 1831 నుంచి 1881 దాకా మైసూరును బ్రిటిషు కమిషనర్లు నడిపారు. ఆ కాలంలో అబ్కారీ, అంటే మద్యం మీది పన్ను, ఖజానాకు పెద్ద దిక్కుగా ఎదిగింది.

ఆ ఇంగ్లీషువాళ్ళకు తమ దేశంలో ఊరి తాగుడిల్లు కొత్తదేమీ కాదు. 1393లోనే అక్కడ రాజు రెండో రిచర్డు, ఏల్ కాచి అమ్మే ఇంటి ముందు గుర్తు కట్టి తీరాలని శాసించాడు. 1552 చట్టం ఆ ఇళ్ళకు ఊరి మేజిస్ట్రేట్ల చేత లైసెన్సు ఇప్పించింది. అంటే చట్టం ఇంటిని పట్టుకుంది. దానికి పేరుంది, బోర్డుంది, జవాబుదారీగా ఒక మనిషి ఉన్నాడు. ఇంగ్లండ్ పల్లెకు పోతే చర్చి పక్కనే నాలుగైదు వందల ఏళ్ళనాటి పబ్బు నేటికీ కనిపించడానికి ఇది ఒక కారణం. పీపాలోనే పులిసే వాళ్ళ ఏల్ కూడా తెరిచాక కొద్ది రోజులే బతుకుతుంది, అక్కడికి పోయే తాగాలి. ఇంతదాకా మన కల్లుకూ దానికీ చుట్టరికమే.

అదే పాలన ఇక్కడికొచ్చేసరికి చెట్టును పట్టుకుంది. చెట్టుకు నంబరు, చెట్టుకు పన్ను, అంగడికి వేలంపాట. పాట పాడినవాడు పట్నంలో ఉంటాడు, ఏడాదికొకడు మారతాడు. పెట్టిన డబ్బు పన్నెండు నెలల్లో లాగాలి. పాకకు గోడ ఎందుకు కడతాడు? పేరెందుకు పెడతాడు? చెట్టెక్కిన ఈడిగ కూలివాడయ్యాడు. మన కల్లంగడికి ఇల్లంటూ ఏర్పడకపోవడానికి మూలం ఇక్కడుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఖజానా చెట్టు మీద ఆధారపడితే, ఖజానాను కొట్టాలనుకున్నవాడూ చెట్టునే కొడతాడు. 1939లో చిత్రదుర్గం దగ్గరి తురువనూరులో కాంగ్రెసువాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని ఈత చెట్లు నరికారు. కర్ణాటక చరిత్రలో అది అడవి సత్యాగ్రహంగా నిలిచింది. దాని కోసం జైలుకు పోయిన వకీలు నిజలింగప్ప తరువాత రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ త్యాగం గొప్పది, సందేహం లేదు. కాని ఆ చెట్ల మీద బతికినవాళ్ళ పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు.

వాళ్ళ గొంతు వినపడింది పదిహేనేళ్ళ తరువాత, పావగడ సరిహద్దుకు అవతల. మద్రాసు రాష్ట్రమంతటా 1948లో మద్యనిషేధం వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ చట్టమూ వెంట వచ్చింది. పావగడవాళ్ళ వియ్యంకులు, మేనమామలు ఉన్న మడకశిర, పెనుకొండ ఊళ్ళన్నీ ఆ చట్టం కిందే ఉన్నాయి. చెట్టు ఎక్కితే నేరం, కుండ కడితే నేరం. తాత ముత్తాతల నుంచి మరో పని నేర్వని కులాలు ఒక్కసారిగా రోడ్డున పడ్డాయి. చాటుగా గీసినవాణ్ణి పోలీసులు పట్టుకుంటే జరిమానా, కట్టలేకపోతే జైలు. కల్లు ఆగిన చోట నాటుసారా దొంగతనంగా కాగింది.

రాజధాని కర్నూలు. ఆఫీసులకు భవనాలు చాలక గుడారాలు వేసుకున్న కాలం. ముఖ్యమంత్రి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం, వయసు ఎనభై రెండు. మద్యనిషేధం ఎలా నడుస్తోందో చూడమని ప్రభుత్వం రామమూర్తి కమిటీని వేసింది. నిషేధం పారడం లేదు, ఎత్తేయండి అని కమిటీ చెప్పింది. గాంధీజీ పేరు మీద నిలిచిన విధానాన్ని అలా వదిలేయడం ప్రభుత్వానికి చేతకాలేదు. నివేదిక ఒక పక్క, విధానం ఒక పక్క, నడుమ గీతవాళ్ళ ఆకలి.

అప్పుడు లేచినవాడు గౌతు లచ్చన్న. శ్రీకాకుళం జిల్లా బారువలో గీత కులంలో 1909లో పుట్టాడు, స్వాతంత్ర్య పోరాటంలో జైళ్ళు చూశాడు, జనం సర్దార్ అని పిలిచారు. ఆయన నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహానికి దిగారు. గాంధీ నేర్పిన పద్ధతినే పట్టుకుని, గాంధీ పేరు మీద నిలిచిన చట్టాన్ని ఎదిరించారు. ఈ ఘట్టం నాకు ఎంత చదివినా తనివి తీరదు. చెట్టెక్కి దిగడమే తెలిసిన మనుషులు ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని తమ ప్రశ్నకు జవాబు చెప్పేదాకా నిలబెట్టారు.

1954 నవంబరు 6న శాసనసభలో అవిశ్వాసం మీద ఓటు పడింది. ప్రభుత్వానికి వ్యతిరేకంగా 69, అనుకూలంగా 68. ఒక్క ఓటు. సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకీకి రొమ్ము చూపిన ప్రకాశం పంతులు కల్లుముంత దగ్గర పడిపోయాడు. ఆయన మీద నాకున్న గౌరవం ఈ ఓటమి వల్ల కొంచెమైనా తగ్గదు. ఓడించినవాళ్ళ బాధా అంతే నిజం. రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి, బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. అంత చేసినా నిషేధం వెంటనే పోలేదు, చాలా ఏళ్ళు నడిచింది. కాని గీత అనేది నేరం కాదు, బతుకుతెరువు అన్న మాట ఆంధ్ర రాజకీయాల్లో ఆనాటి నుంచి చెరగలేదు.

ఆ తరువాత కథ ఒక దారిన నడవదు. సారాయి అంగళ్ళు వచ్చాయి, తరువాత సారాయి ప్యాకెట్లు వచ్చాయి. ప్యాకెట్టుకు నీడ అక్కర్లేదు, కూర్చోవడం అక్కర్లేదు, చించి పోసుకుని పోవడమే. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు లేచారు, 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997లో అది పోయింది. కర్ణాటకలో 2004లో కల్లు, 2007 జూలై 1న సారాయి ఆగాయి. చెట్టు నుంచి దిగిన కల్లు చాలక క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులు కలిపి అమ్మిన చోట జనం నరాలు పోగొట్టుకున్నారు. ఆ కల్తీని సమర్థించే నోరు నాకు లేదు. అయితే చెట్టు నుంచి నేరుగా దించిన కల్లూ ఆ పాపానికే బలైంది. సీసా మందు మాత్రం లైసెన్సుతో నిలిచింది.

ఇప్పుడు పావగడ అంటే బయటివాళ్ళకు శనీశ్వరుడి గుడి, తిరుమణి చుట్టూ అయిదు ఊళ్ళలో 13,000 ఎకరాల మీద పరిచిన సోలార్ పలకలు, 2,050 మెగావాట్ల కరెంటు. ఎకరానికి కౌలు డబ్బు వస్తుంది, పిల్లలు బెంగళూరు పోతారు. తాగేవాళ్ళు ఇంకా ఉన్నారు, వైన్‌షాపు పక్కన నిలబడి తాగుతారు. సరిహద్దు అవతల 2024లో వచ్చిన మద్యం విధానం 10 శాతం షాపులను గీత కులాలకు కేటాయించింది. న్యాయమే. కాని ఆ షాపుల్లో అమ్మేది సీసాలే, చెట్టెక్కే పని కాదు.

ఇంగ్లండ్‌లోనూ పబ్బులు వరసగా మూతపడుతున్నాయి. అక్కడ 2011 చట్టం ప్రకారం ఊరివాళ్ళు తమ పబ్బును సమాజపు ఆస్తిగా నమోదు చేయించవచ్చు. యజమాని అమ్మదలిస్తే, చందాలు పోగుచేసుకుని బేరానికి రావడానికి వాళ్ళకు ఆరు నెలల గడువు దొరుకుతుంది. కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ ఊరివాళ్ళు అంతకు ముందే, 2003లో, తమ ఓల్డ్ క్రౌన్ పబ్బును సహకార సంఘంగా కలిసి కొనేశారు.

పావగడ ఊళ్ళలో కొనడానికి ఇల్లు లేదు. నేల ఉంది. కర్ణాటక రెవెన్యూ దస్తావేజుల్లో ఈచలవనం అన్న పేరుతో సర్కారు భూములు ఇంకా నమోదై ఉన్నాయి, అబ్కారీ కోసం ఒకప్పుడు వదిలిపెట్టినవే. వాటి మీద ఆక్రమణల వ్యాజ్యాలు కోర్టుల దాకా పోతున్నాయి. ప్రతి పంచాయతీ తన ఊళ్ళో ఆ భూమి సర్వే నంబరు ఏమిటో, అక్కడ ఎన్ని ఈత చెట్లు మిగిలాయో రాయించి పెట్టాలి. ఈత ఆకుతో చాపలు, బుట్టలు, చీపుళ్ళు అల్లే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకు ఆ చెట్టు కావాలి. మోకు పట్టిన చివరి తరం ఈడిగలు ముసలివాళ్ళయ్యారు. ఏ పక్క ఏ నెలలో గీయాలో, ఎంత లోతు చెక్కితే చెట్టు చావదో వాళ్ళకే తెలుసు. హైస్కూలు పిల్లల చేత ఈ సెలవుల్లోనే వాళ్ళను అడిగించి రాయించవచ్చు.