వేడుకగా వెలసిన వేధశాలలు



1980 ఫిబ్రవరి 16వ తేదీ మీలో పలువురకు జ్ఞాపకముండును. ఆనాటి అపరాహ్ణమున మన పాలమూరు సీమపై సంపూర్ణ సూర్యగ్రహణము పట్టెను. పట్టపగలే చీకటి క్రమ్మెను. మనలో పెక్కురు తలుపులు మూసికొని యింటనే యుండిరి. అదే వేళ ఇబ్రహీంపట్నము దాపున జపాల, రంగాపురముల చెంత దేశవిదేశముల శాస్త్రజ్ఞులు యంత్రములతో కాచుకొనియుండిరి. రెండు నిమిషముల చీకటి కొరకు అంత సన్నాహము! ఆ పల్లెటూళ్లకు వేధశాల యెట్లు వచ్చెను? ఈ కథకు మొదలు సర్కారు కాదు, ఇరువురు గృహస్థుల వేడుక.

గ్రహనక్షత్రముల స్థితిని యంత్రముతో కొలుచుట వేధ. కొలుచు చోటు వేధశాల. విశాఖపట్టణమున గోడే వేంకటజగ్గారావుగారు చెన్నపట్టణపు వేధశాలాధికారి టెయిలరు దొర చెంత ఈ శాస్త్ర మభ్యసించి, 1840 ప్రాంతమున స్వగృహముననే వేధశాల నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితము వేంకటనరసింగరావుగారు సర్కారు కొలువు చేయుచునే దానిని వృద్ధిపరచిరి. 1874 డిసెంబరు 9న శుక్రుడు, అనగా మన వేగుచుక్క, నల్లని బొట్టువలె సూర్యబింబమును దాటిపోవుటను వారు పరిశీలించిరి. ఆ దాటుకాలమును భూమిపై పలుచోట్ల గణించి పోల్చినచో సూర్యుని దూరము తేలును. కావున విశాఖలోని యొక గడియారపు లెక్క లోకమునకెల్ల అక్కరకు వచ్చునదే. 1892లో నరసింగరావుగారు గతించిరి. ఆ వేధశాల నేడు లేదు.

హైదరాబాదున నవాబు జఫర్ జంగుగారు 1901లో 15 అంగుళముల కటకము గల గొప్ప దూరదర్శినిని తెప్పించి, ఫిసల్‌బండలోని తమ యావరణమున వేధశాల కారంభించిరి. తమ యనంతరము అది ప్రభుత్వపరము కావలెనని వారు కోరిరి. అట్లే 1908లో నిజాము ప్రభుత్వము దానిని గైకొనెను. పిమ్మట అది బేగంపేటకు మారెను. అప్పుడు ప్రపంచములోని పలు వేధశాలలు ఆకాశమును పొలమువలె పట్టీలుగా పంచుకొని, ఫోటోలు తీసి నక్షత్రముల పట్టిక వ్రాయుచుండెను. దక్షిణమున 17 మొదలు 23 అంశల వరకు గల పట్టీ హైదరాబాదు వంతునకు వచ్చెను. ఏండ్ల తరబడి శ్రమించి అచ్చటివారు ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను కొలిచిరి. ఇది యొక్కని జీవితకాలమున తీరు పని కాదు. ఒకని వేడుక పదుగురి సొత్తయినందుననే అది సాగెను.

వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. నగరమున దీపములు, ధూళి పెరిగిన కొలది నక్షత్రములు మసకబారెను. అందుచే 1968లో 48 అంగుళముల దర్పణము గల దూరదర్శినిని రంగాపురము చెంత నిలిపిరి. పట్టణమునకు కరవైన చీకటి పల్లెలో దొరకెను.

పెద్దలారా! పిల్లలకోడిని చూచి రాత్రి జాములు గుర్తించిన తరమువారు మీ యిండ్లలో నుండిరి. విద్వద్గద్వాల యని పేరుగొన్న సీమ మనది. నాడు పండితులను పోషించిన సంస్థానములు నేడు లేవు. ఇక పోషించవలసినది ఊరే. బడియావరణమున నొక చిన్న దూరదర్శిని యుండి, అది ఒక్కరి పెట్టెలో గాక ఊరి యధీనమున నున్నచో, పిల్లలు చంద్రుని గుంటలను, గురుని చుట్టు తిరుగు ఉపగ్రహములను కన్నులార చూతురు. సూర్యుని మాత్రము తగిన యద్దము లేక చూడరాదు. మరల నెన్నడైన గ్రహణము వచ్చినప్పుడు మన పిల్లలు తలుపులు మూసికొనక, తగు జాగ్రత్తతో వాకిట నిలిచి చూతురు గాక!